పోయినాయన ప్యాంటూ, గుమ్మడి తోటా

టెల్ఫర్డ్ క్లాక్స్టన్ బతికున్నన్నాళ్ళూ పొలంలో ఏం పని చేసేవాడని ఎవరైనా అడిగితే, అతని భార్య ఒర్లెటా ఒక్కటే మాట చెప్పేది: "కూర్చునేవాడు."

కరీబియన్ దీవి నీవిస్‌లో, కొండ వాలులో, కాటన్ హిల్ ఊరికి ఎగువన, అడవి అంచునే వాళ్ళ గుమ్మడి తోట. తెల్లారగానే టెల్ఫర్డ్ గోధుమరంగు టోపీ పెట్టుకుని, వెలిగించని పైపు పళ్ళ మధ్య బిగించి, ఖాళీ సీసాల పెట్టె ఒకటి బోర్లించుకుని, దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఒర్లెటా కలుపు తీసేది. నీళ్ళు మోసేది. కాయలకి మట్టి అంటకుండా కింద ఎండుగడ్డి పరిచేది. "ఆ టోపీ ఒక్కటీ పంపినా సరిపోయేది, దాని కింద మనిషి దండగ" అని మార్కెట్లో ఆడవాళ్ళని నవ్వించేది. ఆ మాట చెవిన పడితే టెల్ఫర్డ్ కూడా నవ్వేవాడు. నవ్వడం అతని రెండో పని.

అలాంటి టెల్ఫర్డ్ ఒక బుధవారం మధ్యాహ్నం, అదే పెట్టె మీద, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. "ఆగకముందు మాత్రం దానికేం పనుంది?" అంది ఒర్లెటా, ఏడుస్తూనే.

సమాధి మీద పూలు ఇంకా వాడలేదు, తోటలోకి కోతులు దిగాయి.

కోతులు కొత్తేమీ కాదు. కొండ నిండా అవే. కానీ ఇన్నేళ్ళలో అవి ఒర్లెటా తోట గట్టు దాటింది లేదు. ఇప్పుడు పెళ్ళివారిలా కుటుంబాలతో సహా వచ్చాయి. ముందు నడిచేవాడు ఒక ముసలి మగకోతి, నల్ల మొహం, తెల్ల చెంపలు. ఒర్లెటా వాడికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టింది. ఎందుకంటే వాడు ఒక్కో గుమ్మడికాయ దగ్గరా ఆగి, గోటితో గీకి, ఒక్క కొరుకు కొరికి, ఏదో లోపం పట్టుకున్నవాడిలా మొహం చిట్లించి పక్క కాయకి వెళ్ళేవాడు. ఒక కాయ పూర్తిగా తినేసినా ఆవిడకి అంత మంట పుట్టేది కాదు.

కర్ర తీసుకుని కేకలేస్తూ వెళ్ళింది. మిగతావి కాస్త జరిగాయి. ఇన్‌స్పెక్టరు జరగనైనా లేదు. బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి, పక్కన ఎవరో తగాదా పడుతుంటే చూసినట్టు ఆవిడని చూసి, నోట్లో ఉన్నది నింపాదిగా నమిలి మింగి, ఇంకో కాయ మీద చెయ్యి వేశాడు.

"వాటికి ఆడవాళ్ళంటే భయం ఉండదు మిస్ ఒర్లెటా" అన్నాడు పక్క పొలం యూస్టస్, గట్టు మీద నుంచి. అతనూ పెళ్ళాం పోయినవాడే. "మగాడు కనబడితే చేతిలో తుపాకీ ఉందేమో అనుకుంటాయి. ఆడది కనబడితే వడ్డించడానికొచ్చిందనుకుంటాయి."

"అంటే టెల్ఫర్డ్ ఊరికే కూర్చుని..."

"ఊరికేనా? మగాడిలా కూర్చునేవాడు. అది పని కాదనుకున్నావా?"

ఒర్లెటాకి ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు తను నడుము విరగ్గొట్టుకుంటే పండిన పంటని కాపాడింది ఆ కూర్చోవడమేనట!

అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదావిడ. దిష్టిబొమ్మని పెట్టింది. మర్నాటికి దాని చొక్కా ఒక పిల్లకోతి ఒంటి మీద తిరుగుతోంది. చెల్లెలింటి నుంచి కుక్కని తెచ్చి కట్టింది. రెండ్రోజుల్లో ఇన్‌స్పెక్టరు దాని వీపు మీద పేలు చూస్తుంటే, అది కళ్ళు మూసుకుని పరవశించిపోతూ కనబడింది. రేడియో తెచ్చి ఆదివారం ప్రసంగం గట్టిగా పెట్టింది. కోతులన్నీ వచ్చి వరసగా కూర్చున్నాయి. ఆ వారం చర్చికి కూడా అంతమంది రాలేదు. చివరికి యూస్టస్ తుపాకీ తెచ్చి ఒక్కసారి పేల్చాడు. కోతులకి ఏమీ కాలేదు. ఒర్లెటా నీళ్ళ డ్రమ్ముకి చిల్లు పడింది.

"పోనీ నేనే వచ్చి కూర్చుంటాను" అన్నాడు యూస్టస్, తుపాకీ వెనక దాచుకుంటూ. "పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఇంత భోజనం. నువ్వు ఒంటరిదానివి, నేనూ ఒంటరివాణ్ణి..."

"చూడు యూస్టస్, ఒకణ్ణి కూర్చోబెట్టి మేపి మేపి ఇప్పుడే ఖాళీ అయ్యాను. ఇంకొకణ్ణి కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు. వెళ్ళి నీ పొలంలో కూర్చో. పోతూ పోతూ ఆ చిల్లుకి ఏదైనా బిరడా కొట్టి పో."

ఆ సాయంత్రం, చర్చి వాళ్ళకి ఇవ్వడానికి మూట కట్టి పెట్టిన టెల్ఫర్డ్ బట్టలు గుమ్మం పక్కన కనబడ్డాయి. ఒర్లెటా మూట వంక చూసింది. అద్దం వంక చూసింది. మళ్ళీ మూట వంక చూసింది.

మర్నాడు పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని, ఛాతీకి దుప్పటి ముక్క బిగించి చుట్టుకుని, టెల్ఫర్డ్ చొక్కా తొడుక్కుంది. ప్యాంటు నడుము దగ్గర వదులుగా ఉంటే తాడుతో కట్టింది. పిరుదుల దగ్గర మాత్రం బిగుతుగానే పట్టింది. జుట్టంతా టోపీలోకి తోసింది. పైపు నోట్లో పెట్టుకుంది. ఇక నడక. టెల్ఫర్డ్ నడక గురించి ఆవిడ ఎన్నో వెక్కిరింతలు చేసింది, ఈ కొండ తనదే అన్నట్టు, కొనాలంటే ఇప్పుడే బేరం చెయ్యండన్నట్టు నడిచేవాడని. ఇన్నేళ్ళ వెక్కిరింత ఇప్పుడు అక్కరకొచ్చింది. అచ్చం అలాగే భుజాలు వెనక్కి వేసి, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ తోటలోకి నడిచింది.

ఇన్‌స్పెక్టరు తలెత్తాడు. వాడి చేతిలో గుమ్మడి ముక్క జారిపోయింది. చచ్చినవాడు లేచొచ్చాడా అన్నట్టు నోరు తెరిచి, ఒక్క కూత కూసి, గట్టు మీదికి ఒక్క ఎగురు ఎగిరాడు. వెనకే పిల్లాజెల్లా మొత్తం అడవిలోకి పరుగు.

ఒర్లెటా పెట్టె మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రం అదే పని. కూర్చోగా కూర్చోగా ఆవిడకి కొన్ని సంగతులు తెలిసొచ్చాయి. ప్యాంటుకి జేబులుంటాయి, అందులో చేతులు పెట్టుకోవచ్చు. కాళ్ళు ఎంత ఎడంగా పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. గాలి ఎటు నుంచి ఎటు పోతుందో, కొండ మీద మబ్బు ఎలా కూర్చుని ఎలా లేస్తుందో చూస్తూ గంటలు గంటలు గడపవచ్చు. పైగా దాన్ని పనంటారు. 'దొంగ సచ్చినోడా' అనుకుంది పైపు కొరుకుతూ, 'ఇంత మంచి ఉద్యోగం ఒక్కనాడైనా నాకిచ్చావా?'

ఈలోగా కింద రోడ్డు మీద సంగతి వేరేగా ఉంది.

మొదట చూసింది మినీబస్సు డ్రైవరు. పైన తోటలో టెల్ఫర్డ్ కనబడగానే అలవాటుగా హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. టెల్ఫర్డ్ కూడా చెయ్యి ఊపాడు. నాలుగు గజాలు పోయాక డ్రైవరుకి ఆ మనిషి శవపేటిక మోసిన నలుగురిలో తనూ ఒకడని గుర్తొచ్చింది. బస్సు కాలవలోకి దిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదుగానీ, లోపలున్న వాళ్ళందరూ చూడాల్సింది చూసేశారు.

ఊరు రెండు జట్లయింది. అది జంబీయే, సుఖపడిన ప్రాణం కాబట్టి దయ్యమై కూడా తన పెట్టె వదల్లేదని ఒక జట్టు. జంబీ లేదు గింబీ లేదు, ముండ మొగుడి టోపీ ఇంకెవడికో పెట్టి తోటలో కూర్చోబెట్టిందని ఇంకో జట్టు. ఎటూ తేలక మెథడిస్టు చర్చి పాస్టరు నిస్బెట్ ఒర్లెటా ఇంటికొచ్చాడు. నెమ్మదస్తుడు, మోకాలి నొప్పి మనిషి. నిమ్మరసం తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"సిస్టర్ క్లాక్స్టన్, నేను అడుగుతున్నానని కాదు. జనం అంటున్నారు. మీ తోటలో... ఎవరో మగమనిషి..."

"అవునండి పాస్టరుగారూ. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వస్తాడు."

పాస్టరు మొహం ఎర్రబడింది. "నాకు తెలిసినవాడేనా?"

"తెలియకపోవడమేంటండీ. మీరేగా పూడ్చింది."

ఆయన మిగిలిన నిమ్మరసం తాగకుండానే వెళ్ళిపోయాడు. నిజం చెబితే పోయేదేమో. కానీ ఒర్లెటాకి ఇంకో లాభం కనబడింది. ఏటా ఈ కాలానికి గట్టు మీది మామిడికాయలు సగానికి సగం మాయమయ్యేవి. కోసుకుపోయేది కోతులు కాదని ఆవిడకి తెలుసు. ఈసారి ఒక్క కాయ పోలేదు. నాలుగు కాళ్ళవీ, రెండు కాళ్ళవీ, రెండు రకాలకీ ఒకే ప్యాంటు సరిపోయింది.

ఇదిలా ఉండగా, ఒక గురువారం సాయంత్రం, ఎండ పసుపు తిరిగే వేళకి గట్టు అవతల ఒకావిడ వచ్చి నిలబడింది. బొద్దుగా ఉంది. ఒంటి మీది జాకెట్టు తిరగేసి తొడుక్కుంది, కుట్లన్నీ పైకే ఉన్నాయి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కాగితం పొట్లం.

ఒర్లెటా టోపీ అంచు కిందనుంచి చూసింది. గుర్తుపట్టింది. చార్ల్స్‌టౌన్ మార్కెట్లో చేపలమ్మే ఐవా. ఎప్పుడు కొన్నా తూకం అయ్యాక ఒక చేప ఊరికే వేసేది.

"కదలకు!" అంది ఐవా. గొడుగు ముందుకి చాపింది. "అక్కడే ఉండు. దయ్యం అంటకుండా జాకెట్టు తిరగేసుకొచ్చాను, జేబులో ఉప్పుంది. దగ్గరికొచ్చావంటే మొహాన కొడతాను."

టెల్ఫర్డ్ కదల్లేదు. ఎండ వెనక నుంచి పడుతోంది కాబట్టి ఆవిడకి టోపీ, భుజాలు, పైపు తప్ప ఏమీ కనబడటం లేదు.

"ఏం మనిషివయ్యా నువ్వు? గురువారం వస్తానన్నావు. చేపకి మసాలా పట్టించి కూర్చున్నాను. రాలేదు. శనివారం బేరం చేస్తుంటే ఎవతో అంటోంది, క్లాక్స్టన్ పోయాడట, రేపు పూడుస్తారట అని. నా చేతిలో కత్తుంది, సగం చేప పొట్టలో ఉంది. ఏం చెయ్యమంటావు నన్ను? ఏడుపొచ్చింది. ఎందుకే ఏడుస్తున్నావంటే ఉల్లిపాయ ఘాటన్నాను. చేపల బల్ల మీద ఉల్లిపాయెక్కడిదే అని ఒక్కతీ అడగలేదు!"

పెట్టె మీద ఒర్లెటాకి చెవుల్లో హోరు మొదలైంది. గురువారం గురువారం టెల్ఫర్డ్ టౌన్లో డామినోలు ఆడటానికి వెళ్ళేవాడు. డామినోలు ఆడొచ్చిన మనిషి చొక్కా చేపల వాసనెందుకొస్తుందని ఆవిడ ఒకసారి అడిగింది. మార్కెట్ పక్కనే ఆడతాం కదా అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడిగితే ఎక్కడ జవాబు చెప్పేస్తాడోనని.

"నీ పూడ్పుకి కూడా వచ్చాను" అంటోంది ఐవా. "లోపలికి ఏ మొహం పెట్టుకుని రాను? గోడ బయట నిలబడ్డాను. ఊరికే నిలబడితే అనుమానమొస్తుందని బకెట్టు పట్టుకొచ్చాను. చూసినవాళ్ళు బేరానికి దిగారు. అక్కడ నీ పెట్టె గోతిలోకి దిగుతుంటే ఇక్కడ నేను చేపలు తూస్తున్నాను టెల్ఫర్డ్! ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి నేను?"

ఆవిడ కొంగు లేని మనిషి కాబట్టి గొడుగు గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. ఒర్లెటాకి లేచి వెళ్ళి చెంప పగలగొట్టాలనిపించింది. దానితో పాటే, నవ్వూ వచ్చింది. ఏది ముందు బయటికొస్తుందో తెలియక పైపు గట్టిగా కొరికి పట్టుకుంది.

"అక్కడ బాగుందా?" అంది ఐవా మెల్లగా.

ఏం చెయ్యాలో తోచక టోపీ కిందికీ పైకీ ఊగింది.

"తిండీ అదీ?"

టోపీ మళ్ళీ ఊగింది.

"పోన్లే. నీ పెళ్ళాం వంట బాధైనా తప్పింది. ఆవిడ చేసే మేక పులుసు నోట్లో పెట్టుకోవడానికి కాదు, కాళ్ళు కడుక్కోవడానికి కూడా పనికిరాదని అనేవాడివిగా, పాపం..."

"ఎవడే ఆ మాటన్నది?" అంటూ టెల్ఫర్డ్ ఇంతెత్తున లేచాడు.

చచ్చినవాడి టోపీ కింద నుంచి ఆడగొంతు వినబడేసరికి ఐవా కెవ్వుమని, గుప్పెడు ఉప్పు విసిరి, కాలు మడతపడి గుమ్మడి తీగల్లో చతికిలబడింది. ఉప్పు కళ్ళలో పడి ఒర్లెటా గావుకేక పెట్టింది. టోపీ ఊడింది. జుట్టు బయటపడింది.

"నువ్వా!" అంది ఐవా.

"నేనే! ఆదివారం ఆదివారం మూడేసి గిన్నెలు తాగేవాడు నా మేక పులుసు! గిన్నె నాకేవాడు! కాళ్ళు కడుక్కునేవాడా? నీ దగ్గరికొచ్చి ఆ కూత కూశాడా?"

"కూశాడు కాబట్టే చెప్పాను! నాకేం తెలుసు, నేనేమైనా తిన్నానా నీ పులుసు?"

"నా మొగుణ్ణి తిన్నావు చాలదూ?"

"నీ మొగుడే నా చేపలన్నీ తిన్నాడు! గురువారానికి గురువారం! ఒక్కనాడు ఉల్లిపాయ తరిగి పెట్టిన పాపాన పోలేదు, కూర్చునేవాడు!"

"నీ దగ్గరా కూర్చోవడమేనా?" అంది ఒర్లెటా, కోపంలో కూడా ఆశ్చర్యపోయి.

ఇద్దరి గొంతులూ కొండకి తగిలి తిరిగొస్తున్నాయి. అడవిలోంచి విన్న ఇన్‌స్పెక్టరు లెక్క ఇన్‌స్పెక్టరు వేసుకున్నట్టున్నాడు. ఒక ఆడగొంతు, ఇంకో ఆడగొంతు, మగగొంతు సున్నా. పరివారాన్ని వెంటేసుకుని దిగాడు. వీళ్ళిద్దరూ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గర నిలబడి తిట్టుకుంటుంటే, పక్క నుంచి కరకరమని చప్పుడు వినబడింది. చూస్తే, వాడు వాళ్ళ కాళ్ళ దగ్గర కాయ మీదే కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ నములుతున్నాడు.

"వీడెవడే మధ్యలో!" అని ఐవా జేబులోంచి తూకపు రాయి తీసి విసిరింది. మార్కెట్లో పిల్లుల్ని కొట్టి కొట్టి గురి కుదిరిన చెయ్యి. రాయి ఇన్‌స్పెక్టరు తోక పక్కగా వెళ్ళి కాయకి తగిలి అది రెండు ముక్కలైంది. కోతులన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆ రోజు పోయిన కాయల్లో పెద్దది ఐవా పగలగొట్టిందే.

ఆ తర్వాత తిట్టుకోవడానికి ఇద్దరికీ ఊపిరి మిగల్లేదు. ఒర్లెటా పెట్టె మీద కూలబడింది. ఐవా కాలు సాగదీసుకుని గడ్డి మీదే ఉండిపోయింది. కాగితం పొట్లం ఇద్దరి మధ్యా పడి ఉంది. వేయించిన చేప, చచ్చినవాడి కోసం తెచ్చింది. ఒర్లెటా పొట్లం విప్పి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఉప్పు సరిపోయింది" అంది.

"మిగతాది నీ కళ్ళలో ఉంది" అంది ఐవా.

ఇంకో ముక్క తిన్నాక ఒర్లెటా అడిగింది. "నాకెప్పుడూ ఒక చేప ఎక్కువ వేసేదానివి. ఎందుకు?"

ఐవా గొడుగు కొసతో నేల గీకింది. "మరి నీ మనిషిని ఊరికే వాడుకుంటే బాగుండదు కదా. అద్దె అనుకో."

ఒర్లెటా ఆ మాటకి ముందు మొహం గంటు పెట్టుకుంది. తర్వాత పెదవి అదిరింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో ఏడుపులోకి జారింది. ఐవా లేచి వచ్చి పక్కన నిలబడింది. ముట్టుకోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, టోపీ మీది దుమ్ము దులిపి తిరిగి ఆవిడ తల మీద పెట్టింది.

అయినా మేక పులుసు సంగతి తేలకుండా ఒర్లెటాకి నిద్ర పట్టే ప్రసక్తి లేదు. ఆదివారం ఐవాని రమ్మంది. లవంగం, పచ్చి బొప్పాయి, పిండి ముద్దలు వేసి, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మరిగించి గిన్నె ఎదురుగా పెట్టింది. తను మాత్రం ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. ఐవా ఒక గిన్నె తాగింది. గిన్నె మళ్ళీ చాపింది. మూడోది అయ్యాక చెంచా కింద పెట్టింది.

"వెధవ! నా దగ్గర అబద్ధమాడాడు."

"ఎందుకంటావు?"

"ఎందుకేంటి, నిన్ను ఎక్కడో ఒకచోట తక్కువ చెయ్యాలిగా నా దగ్గరికి రావాలంటే. ఇంకేదీ దొరకలేదు కాబోలు."

ఇంతకు మించిన పొగడ్త ఒర్లెటాకి పెళ్ళయ్యాక ఎవరూ ఇవ్వలేదు.

కాయలు ముదిరే కాలం వచ్చింది. కోతులు పై గట్టు నుంచి ఒక గుంపు, కింది గట్టు నుంచి ఒక గుంపు దిగడం మొదలుపెట్టాయి. ఒక్క టెల్ఫర్డ్ చాలలేదు. మధ్యాహ్నానికల్లా చేపలమ్మేసుకుని ఐవా పైకొచ్చేది. వచ్చేటప్పుడు సంచిలో తన వాటా తెచ్చింది, అంటే, తన ఇంట్లో టెల్ఫర్డ్ ఉంచుకున్న బట్టలు. బూడిదరంగు ప్యాంటు, గడ్డి టోపీ, నీలం చొక్కా.

ఒర్లెటా నీలం చొక్కా చూసి నోరు వెళ్ళబెట్టింది. "ఇది నేను కుట్టింది! తుఫానుకి దండెం మీంచి ఎగిరిపోయిందన్నాడు!"

"మా ఇంటి మీదే వాలింది మరి" అంది ఐవా, ప్యాంటులోకి దూరడానికి ఊపిరి బిగబట్టి.

ఇక మినీబస్సు డ్రైవరు దారి మార్చుకున్నాడు. పై గట్టున ఒక టెల్ఫర్డ్, కింది గట్టున కాస్త లావెక్కిన ఇంకో టెల్ఫర్డ్. ఒక్క జంబీ అయితే సర్దుకుపోయేవాళ్ళేమోగానీ, ఇవి పిల్లలు పెడుతున్నాయంటే ఊరు ఊరుకోలేదు. పాస్టరు నిస్బెట్ మీద పడ్డారు. ఆయనకి ఇష్టం లేకపోయినా ఒక సాయంత్రం పొడుగాటి నల్ల అంగీ వేసుకుని, గాయక బృందాన్ని వెంటబెట్టుకుని, కీర్తన పాడిస్తూ కొండెక్కాడు.

ఆ సమయానికి టెల్ఫర్డ్‌లిద్దరూ మధ్య గట్టు మీద ఎదురెదురుగా కూర్చుని డామినోలు ఆడుతున్నారు. కీర్తన వినబడి ఇద్దరూ టోపీలెత్తి పలకరించారు. రెండో చరణం మధ్యలో గాయక బృందం మొత్తం వెనక్కి తిరిగి ఒక్క పరుగున కొండ దిగిపోయింది. మోకాలి నొప్పి వల్ల పాస్టరు ఒక్కడే మిగిలాడు.

"ఎ-ఎవరు మీరు?" అన్నాడు, బైబిలు ముందుకి చాపి.

"ఇటురండి పాస్టరుగారూ, కూర్చోండి. కాలు నొప్పెడుతుంది" అంది ఒర్లెటా టోపీ తీసి.

ఆయన చాలాసేపు ఆవిడని, ఐవాని చూసి, చివరికి పెట్టె మీద కూలబడ్డాడు. ఇద్దరూ ఉన్నదంతా చెప్పారు. ప్యాంటు సంగతి, కోతుల సంగతి. గురువారాల సంగతి కాస్త కుదించి చెప్పారు. ఆయనకి కోపం రాలేదు. ఏదో ఆలోచనలో పడ్డాడు.

"నా పెరట్లో కూడా బఠాణీలన్నీ తినేస్తున్నాయి. నేను మగవాణ్ణే కదా సిస్టర్? రోజూ వెళ్ళి అదిలిస్తున్నాను. కదలవే!"

"వెళ్ళేటప్పుడు ఏం వేసుకుంటారండీ?"

"ఇదిగో, ఇదే. ప్రార్థన ముగించుకుని అటునుంచటే..."

ఐవా, ఒర్లెటా ఆ పొడుగాటి అంగీ వంక చూశారు. గట్టు మీద ఆ చివర అప్పటికే ఇన్‌స్పెక్టరు దిగి, పాస్టరు వైపు ఏ జంకూ లేకుండా చూస్తూ గడ్డి పీకుతున్నాడు.

"ఏమీ అనుకోకండి పాస్టరుగారూ" అంది ఐవా. "గౌను చూసి మిమ్మల్ని కూడా మాలో కలిపేశాయి."

పాస్టరు ఇటూ అటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, అడ్డం పడి నవ్వాడు. ఆదివారం ప్రసంగంలో మాత్రం, తోటలో తాను చూసింది ఆత్మలు కావనీ, కష్టపడే మనుషులనీ, అంతకుమించి అడిగినవాళ్ళు వచ్చే వారం చర్చి కిటికీలు తుడవాలనీ చెప్పాడు. ఎవరూ అడగలేదు. కానీ సాయంత్రానికల్లా ఊరందరికీ తెలిసిపోయింది.

ఆ ఏడు పంట దక్కింది. మినీబస్సు పైన కట్టి, లోపల సీట్ల మధ్య పేర్చి గుమ్మడికాయలు టౌనుకి తరలించారు. డ్రైవరే స్వయంగా మోశాడు, ఒర్లెటా మొహం వంక చూడకుండా.

కోతులు మాత్రం ఎన్నాళ్ళని మోసపోతాయి? ఆ తిట్లాట రోజు టోపీ ఊడటం ఇన్‌స్పెక్టరు చూసే ఉన్నాడు. అప్పట్నుంచీ వాడి మనసులో ఏదో నలుగుతూనే ఉండి ఉంటుంది. కోతలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం ఐవా పెట్టె మీద కునుకుతుంటే వాడు మెల్లగా దగ్గరికొచ్చి, ప్యాంటు కాలు వాసన చూసి, ఆవిడ ఒళ్ళో ఉన్న రొట్టె తీసుకుని, అక్కడే కూర్చుని తిన్నాడు. ఐవా ఒక కన్ను తెరిచి చూసింది. అరిచి లాభం లేదని ఆవిడకీ తెలిసిపోయింది.

దాంతో అయిపోయిందనుకున్నారు. కాలేదు. ఇన్‌స్పెక్టరు అక్కడితో ఆగే రకం కాదు. ప్యాంటులో ఉన్నదంతా ఉత్తదేనని ఒక నిర్ణయానికొచ్చి, ఆ సంగతి కొండంతా చాటినట్టున్నాడు. నెల తిరక్కుండా యూస్టస్ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏం పని చేశారు మీరిద్దరూ? కాటన్ హిల్‌లో మగాళ్ళ పరువు తీసేశారు!"

"ఏమైందయ్యా?"

"నిన్న నా చిలగడదుంప మళ్ళో నిలబడ్డాను. నేను! మీసాలతో సహా! మీ ఇన్‌స్పెక్టరు తిన్నగా నా దగ్గరికొచ్చి నా ప్యాంటు కాలు పట్టుకుని లాగి చూశాడు!"

"ఏముందట?" అంది ఐవా.

"అదేం మాట! నవ్వుతావేంటి? ముందు లోపలెవరున్నారో చూసుకుని గానీ పారిపోకూడదని నేర్చుకున్నాయి అవి! ఇప్పుడు మగాడెవడు, ఆడదెవతె, ఒకటే లెక్క వాటికి. నేనే కాదు, ఊళ్ళో ఎవడు నిలబడినా ఖాతరు లేదు. ఇక మేం కూర్చుని లాభమేంటి?"

"లాభం లేదు" అంది ఒర్లెటా. "లేచి కలుపు తియ్యండి."

ఆ మాట ఊళ్ళో ఆడవాళ్ళకి బాగా నచ్చింది. చాలా పొలాల్లో చాలా పెట్టెలు కూర్చునేవాళ్ళు లేక ఖాళీ అయ్యాయి. కాపలా అందరూ కలిసి వంతులు వేసుకోవాల్సి వచ్చింది, డప్పులూ కుక్కలూ వలలూ పట్టుకుని, మగా ఆడా తేడా లేకుండా. అయినా పోయేది పోతూనే ఉంది. కోతులున్న కొండ మీద అంతే.

ఒర్లెటా మాత్రం గుమ్మడి మానేసింది. ఐవా సలహా మీద తోటంతా మిరప వేసింది, నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి పొగలొచ్చే రకం. కోతులు ఒక్కసారి కొరికి చూసి, మళ్ళీ ఆ గట్టు దిక్కు చూడలేదు. ఆ మిరపకాయలతో ఐవా పచ్చడి చేసి సీసాల్లో పోసి, చేపల బల్ల మీద ఒక చివర పెట్టింది. శనివారాలు ఒర్లెటా కూడా వచ్చి ఆ చివర నిలబడేది. ఇద్దరూ రోజంతా ఒకరినొకరు దెప్పుకుంటూనే ఉండేవాళ్ళు, చేపలు సరిగ్గా కడగలేదని ఒకరు, సీసా మూత బిగించలేదని ఒకరు.

ఒక శనివారం, పక్క దీవి సెయింట్ కిట్స్ నుంచి పడవ దిగొచ్చిన ఒక కొత్త మనిషి చేపలు కొనుక్కుని, పచ్చడి సీసా కూడా తీసుకుని, వాళ్ళ దెప్పుళ్ళు కాసేపు విని, నవ్వుతూ అడిగింది.

"మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా అమ్మా?"

"కాదమ్మా" అంది ఒర్లెటా. "ఇద్దరం ఒకేచోట పని చేశాం."

"షిఫ్టులు వేరు" అంది ఐవా, చేప తూస్తూ.